ఉప్పుమిద్దెకు మా మామ చెప్పిన వాస్తు

మా కుళ్ళాయప్ప మామకు దోషం కనపడని గోడ ఈ భూమ్మీద ఇంతవరకు లేవలేదు. అది పెళ్ళిమంటపం కానీ, పాలకేంద్రం కానీ, బస్టాండులో టీ బంకు కానీ, లోపలికి అడుగుపెట్టి ఆయన అడిగే మొదటి మాట ఒకటే: "తూర్పు యాడప్పా?" కుశలప్రశ్నలు తర్వాత, మంచినీళ్ళు ఆ తర్వాత. తూర్పు దొరికిందాకా తను కూర్చోడు, ఎదుటివాళ్ళను కూర్చోనివ్వడు.

మామది పెనుకొండ పక్కన పల్లె. చెనిక్కాయ సేద్యం. వాస్తు ఎవరి దగ్గర నేర్చుకున్నావంటే "పెద్దోళ్ళ దగ్గర" అంటాడు. ఆ పెద్దోళ్ళు, అంటే మా తాత, బతికినన్నాళ్ళూ ఈశాన్యం మూలలో బర్రెను కట్టేసుకుని హాయిగా బతికాడు. మామ దగ్గర దిక్సూచి ఉండదు. ఎండలో నిలబడి తన నీడ చూసుకుని దిక్కులు చెప్తాడు. మబ్బు పట్టిన రోజు శాస్త్రానికి సెలవు. ఎవరన్నా దుడ్లు ఇవ్వబోతే "వద్దప్పా, శాస్త్రం చెడుతాది" అంటాడు. కాఫీ ఇస్తే మాత్రం శాస్త్రం చెడదు.

నాకు హిందూపురంలో హార్డ్‌వేర్ అంగడి. మామ నోరు తెరిచినప్పుడల్లా ఏదో ఒక తలుపు ఊడుతుంది, ఏదో ఒక కిటికీ లేస్తుంది, నా అంగట్లో గొళ్ళాలు, తలుపు బందులు అమ్ముడుపోతాయి. కాబట్టి రాఘవేంద్ర అనే నేను మామ శాస్త్రాన్ని ఏనాడూ ఎదిరించలేదు. అంగడి పెట్టుకున్నవాడికి అనుమానాలు ఉండకూడదు.

ఒకసారి పెనుకొండ బస్సులో కిటికీ పక్కన కూర్చున్న కుర్రవాణ్ణి మామ తట్టి లేపాడు.

"ఏమబ్బా, ఈ సీటు నీ జాతకానికి పడదు. ఆగ్నేయం తగుల్తాంది."

"బస్సులో ఆగ్నేయం ఏంది పెద్దాయనా?"

"బస్సుకు నాలుగు మూలలు లేవా? లే, బిరీన లే."

ఆ పిల్లవాడు భయపడి లేచాడు. ఆ సీట్లో చంటిబిడ్డను ఎత్తుకున్న ఒకామె కూర్చుంది. నేను ఉండబట్టలేక, "బస్సు మలుపు తిరిగితే దిక్కు మారదా మామా?" అన్నాను. "మారినప్పుడు మళ్ళ చెప్తా గదా, గమ్మునుండు" అని కళ్ళు మూసుకున్నాడు. సోమందేపల్లి దాటేటప్పుడు బస్సు మలుపు తిరిగింది. మామ గుర్రు పెడుతున్నాడు.

ధర్మవరంలో ఒక చీరల యజమాని మగ్గాల షెడ్డుకు పడమర పక్క కిటికీలు లేవని, అట్లుంటే ఇంట్లో ఎవురూ బాగుపడరని మామ తేల్చేశాడు. ఆయన హడలిపోయి గోడ పగలగొట్టించి వరసగా కిటికీలు పెట్టించాడు. ఆ సరుకంతా మన అంగడిదే. అదే నెలలో పెనుకొండలో ఒకాయన ఇంటికి పడమర కిటికీ ఉందని, అట్లుంటే ఇంట్లో ఎవురూ బాగుపడరని మూయించేశాడు. ఆ కిటికీ పక్కింటివాళ్ళ స్నానాల దొడ్డి మీదికి తెరుచుకుంటుంది, అది వేరే సంగతి.

"అదేంది మామా, ఆడ పడమర కావాలంటివి, ఈడ వద్దంటివి?"

"అది ధర్మవరం పడమర. ఇది పెనుకొండ పడమర."

ఇట్లాంటి మామను సముద్రం ఒడ్డుకు తీసుకుపోయింది కృష్ణమోహన్ శెట్టి. ఆయనకు హిందూపురంలో పట్టుగూళ్ళ మార్కెట్టు దగ్గర పట్టునూలు అంగడి. వాళ్ళ తాత ఉప్పు వ్యాపారం చేసేవాడు. నెల్లూరు పక్క ఉప్పుగుంటపాళెం అనే ఊళ్ళో, సముద్రానికి ఎదురుగా స్థలం కొని ఒక మిద్దె కట్టించాడు. దాన్ని ఇంట్లో అందరూ ఉప్పుమిద్దె అంటారు. ఎదురుగా అన్నానే కానీ అది మాటవరసకే. తాత పుట్టుకతో హిందూపురం మనిషి. ఆయన కళ్ళకు సముద్రం అంటే ఉప్పు చేసే కార్ఖానా, అంతే. కార్ఖానాలోకి కిటికీలు ఎవరు పెట్టుకుంటారు? మూరెడు మందం రాతిగోడలు, ముఖం పడమరకు, అంటే ఉప్పుబండ్లు వచ్చే దోవకు. సముద్రం పక్క బెత్తెడు సందు కూడా లేదు. అంత సముద్రాన్ని వీపు వెనక పెట్టుకుని ఆ ఇల్లు అన్నేళ్ళుగా రోడ్డు చూస్తూ కూర్చుంది.

శెట్టి కొడుకు అజిత్‌ది బెంగళూరులో ఉద్యోగం. వాడు ఒకసారి స్నేహితులను తీసుకుపోయి, సముద్రం చూపిస్తానని వాళ్ళకు గోడ చూపించి వచ్చాడు. ఆ అవమానంలోంచి పుట్టింది ఈ రిపేరీ. తూర్పు గోడ మొత్తం తీసేసి అద్దం బిగించాలి. ఇంటికీ సముద్రానికీ మధ్య అడ్డంగా ఉన్న ఇసుకదిబ్బను చదును చేసి గడ్డి పరిచేయాలి. దిబ్బ పక్కన ఉన్న గుడిసె తీసేసి కార్లకు షెడ్డు వేయాలి.

ఆ గుడిసె దాసమ్మది. శెట్టి వాళ్ళ నాయన కాలం నుంచి మిద్దెకు కాపలా ఆమే. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. పొద్దున ఇంత చేపలు ఎండబెట్టుకుని, సాయంత్రం మిద్దెలో దీపం వెలిగించి బతుకుతూ ఉంది. ఆమెను ఎక్కడికి పంపాలో ఇంకా ఎవరూ ఆలోచించలేదు. "ఎవురో చుట్టాలుంటారులే" అన్నాడు శెట్టి. అద్దం ఏ కంపెనీదో మాత్రం తండ్రీకొడుకులు బాగా ఆలోచించారు.

కదిరి, రాయచోటి దాటి, కొండలు దిగి, నెల్లూరు మీదుగా కారులో పోయాం. శెట్టి, ఆయన భార్య కస్తూరక్క, అజిత్, తలుపులకు, అద్దాలకు బందుల లెక్క చూసేదానికి నేను, దిక్కులకు మామ. మామ సముద్రం చూడటం అదే మొదలు. దిబ్బ ఎక్కి చాలాసేపు నిలబడ్డాడు. నడుం మీద చేతులు పెట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు చూశాడు.

"ఎట్లుంది మామా?"

"ఇన్ని నీళ్ళు పెట్టుకొని గుక్కెడు తాగేదానికి పనికిరావంటే, దీన్ని కట్టినోడెవుడో వాస్తు చూపించుకోల్యా" అన్నాడు.

దాసమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. మామ ఒక గుక్క తాగి, చెంబు కిందకు దించి, మళ్ళీ ఎత్తి మొత్తం తాగేశాడు.

"ఇవి తియ్యగా ఉండాయే! యాడివమ్మా?"

"ఈ దొరువులోయి సామీ" అంటూ ఆమె దిబ్బ కింద ఉన్న గుంతను చూపించింది. మనిషి నడుం లోతు ఉంటుంది, అంతే. అడుగున నీళ్ళు తేటగా ఉన్నాయి. "వానంతా ఈ దిబ్బ తాగి దాచిపెడతాది. ఏడాది పొడుగునా ఈ దొరువుకు పోస్తా ఉంటది. ఈ తీగలుండాయే, ఇయ్యే దిబ్బను పట్టుకోనుండేది. పెద్ద తుఫానప్పుడు నీళ్ళు దిబ్బదాకా వచ్చి ఎనక్కిపోయినాయి. దిబ్బ లేని పక్కన ఇళ్ళే లేకుండా పోయినాయి గదా."

మామ దొరువు గట్టున గొంతుక్కూర్చున్నాడు. మా పక్క పాతాళం దాకా బోరు వేసినా దుమ్ము తప్ప రాని భూములు. సముద్రానికి కూతవేటు దూరంలో, చేత్తో తవ్విన గుంతలో తియ్యటి నీళ్ళు! మామ ఇంకో చెంబు అడిగి తాగాడు. నేను కూడా తాగాను. అబద్ధం ఎందుకు, మా హిందూపురం కుళాయి నీళ్ళకంటే బాగున్నాయి.

ఆ తర్వాత మామ లేచి తన నీడ చూసుకుని తీర్పు చెప్పాడు. తూర్పున దిబ్బ కదిలిస్తే యజమానికి గండం. ఈశాన్యంలో నీళ్ళు సాక్షాత్తు లక్ష్మి. లక్ష్మికి కాపలా గుడిసె. అది ఉన్నచోటే ఉండాల.

శెట్టి ముఖం వాడిపోయింది. మామ మాట కాదనే ధైర్యం ఆయనకు లేదు. ఎందుకంటే మామ చెప్పినట్టు అంగట్లో గల్లాపెట్టె, ఇంట్లో పొయ్యి, అమ్మ మంచం జరిపించుకున్నప్పటి నుంచే ఆయనకు కలిసొచ్చింది. నాకు మాత్రం ఒక అనుమానం వచ్చింది. పోయినేడు గోరంట్లలో ఒకాయనతో, తూర్పున మట్టిదిబ్బ ఉంటే దరిద్రమని చెప్పి, దారికి అడ్డంగా పోసిన మట్టంతా ఎత్తించింది ఈ మామే. సందు చూసి చెవిలో అడిగాను.

"అది గోరంట్ల దిబ్బ" అన్నాడు.

అజిత్ ఊరుకునే రకం కాదు. రెండో దఫా పోయినప్పుడు బెంగళూరు నుంచి ఒక వాస్తు సారును పిలిపించాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ట్యాబు. ఆయనతోపాటు ఒక జేసీబీని కూడా మాట్లాడి పెట్టాడు. అది దిబ్బ ముందర తొండం దించుకుని నిలబడి ఉంది. డ్రైవరు దాసమ్మ గుడిసె నీడలో టీ తాగుతున్నాడు. టీ ఇచ్చింది దాసమ్మే.

సారు మంచివాడే. మామకు నమస్కారం పెట్టి, ట్యాబు చూసి, కన్నడంలో మర్యాదగా చెప్పాడు. తూర్పు పల్లంగా, ఖాళీగా ఉండాలి, ఇక్కడ ఎత్తుగా ఉంది, ఇది పెద్ద దోషం. ఈశాన్యంలో గుడిసె ఉంది, అది ఇంకా పెద్ద దోషం. రెండూ ఈ రోజే తీసేయడం మంచిది. కన్నడ సరిహద్దులో ఉండే హిందూపురం పక్కవాళ్ళం కాబట్టి మాకందరికీ ప్రతి ముక్కా అర్థమైంది. అర్థం కానిది దాసమ్మ ఒక్కదానికే.

మామ ఊరికే వదల్లేదు. "ఈ ఇంటికి ముఖం పడమర. అంటే తూర్పు ఈపు. ఈపుకు ఆనుకునేదానికి ఎత్తుండాల గదా?" అన్నాడు.

"మనె యాకడె తిరుగిదరూ పూర్వ పూర్వనే" అన్నాడు సారు నవ్వుతూ. ఇల్లు ఎటు తిరిగినా తూర్పు తూర్పే అని. మామ మళ్ళీ ఒకసారి తన నీడకెల్లి చూసుకున్నాడు.

అజిత్ డ్రైవరుకు చెయ్యి ఊపాడు. జేసీబీ గుర్రుమంది. దాసమ్మ గ్లాసులు కడుగుతూ వచ్చి మామ పక్కన నిలబడింది.

"ఏమంటుండాడు సామీ ఆ సారు? నా గురించేమన్నానా?"

మామ ఆమెకెల్లి చూశాడు. దిబ్బకెల్లి చూశాడు. పోయి జేసీబీ ముందర నిలబడ్డాడు.

"శెట్టీ, నాకు వాస్తు రాదు."

జేసీబీ చప్పుడులో వినపడలేదేమోనని శెట్టి చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. డ్రైవరు ఇంజను ఆపేశాడు.

"వాస్తు రాదంటాండా. ఒక్క అక్షరం రాదు. ఆ సారు చెప్పిందే కరెక్టు, పుస్తకంలో అట్లనే ఉండొచ్చు. నేను ఏ పుస్తకమూ చదవల్యా. అయినా ఈ దిబ్బ తీయొద్దు. దిబ్బ తీస్తే దొరువు ఉప్పెక్కుతాది. ఈయమ్మ గుడిసె పీకినాక ఈమె యాడికి పోతాది? ఈ రోజు గుడిసె పోతాది, రేపు పెద్ద గాలికి నీ మిద్దె పోతాది. నాకు సముద్రం తెలీదు. గట్టు తెలుసు. మా చేన్లల్లో గట్టు తీసేసినోడెవుడూ ఆ మన్ను మళ్ళ చూడల్యా."

నాలుగు ఊళ్ళల్లో ఇన్నేళ్ళు సంపాదించుకున్న పేరు మామ ఒక్క నిమిషంలో ఇసుకలో పోసేశాడు. రేపటి నుంచి ఈయనకు కాఫీ ఇచ్చేవాళ్ళు ఉండరు. నా కిటికీల వ్యాపారం సంగతి తర్వాత చూసుకుందాంలే, ముందు మామ ముఖం చూడలేకపోయాను.

శెట్టికి కోపం మెల్లగా ఎక్కింది. "రాదా? ఏమప్పా, రాకుండానే ఇన్నాళ్ళు నన్ను ఆడిచ్చినావా? అయితే మా అంగట్లో గల్లాపెట్టె ఏంటికి జరిపించినావు?"

"నువ్వు వాకిలికి అడ్డం కూర్చుంటాంటివి. నూలు తెచ్చిన ఆడోళ్ళు ఎండలో నిలబడతాండ్రి. నువ్వు లోపలికి జరిగితే వాళ్ళకు రవంత నీడ దొరుకుతాదని."

కస్తూరక్క ముందుకొచ్చింది. "మా వంటింట్లో పొయ్యి?"

"ఆ పాత మూలలో గాలి ఆడదమ్మా. మీ పనిమనిషి నల్లమ్మ తాలింపు ఘాటుకు దగ్గి దగ్గి సొమ్మసిల్లుతాండె. ఘాటంటే మీరు వినరు. ఆగ్నేయమంటే వింటారు."

"ఈ మాట అప్పుడే చెప్పొచ్చు గదా!"

"చెప్తే మార్పిస్తాంటివా తల్లీ?"

కస్తూరక్క సత్యసంధురాలు. ఏమీ మాట్లాడలేదు.

శెట్టి గొంతు ఈసారి కొంచెం తగ్గింది. "మా అమ్మ మంచం?"

మామ తల దించుకున్నాడు. "ఆయమ్మను యెనక చీకటిగదిలో పడుకోబెట్టినారు. పలకరించే దిక్కులేదు. అందుకే పడసాలలోకి తెప్పించినా. వచ్చేపోయే మనుషులన్నా కనపడతారని."

శెట్టి కాసేపు సముద్రం వినపడే పక్కకు తిరిగి నిలబడ్డాడు. కనపడదు గదా, దిబ్బ ఉంది. "ఆ మంచం జరిపినాకనే అమ్మ మళ్ళ మాట్లాడింది" అన్నాడు. "పోయిందాకా మాట్లాడతానే ఉండె. నేను అది వాస్తు మహిమ అనుకుంటి."

అప్పుడు కస్తూరక్క అసలు మాట అంది. మాట అంటే మాట కాదు, ఆ ఇంటి వ్యాపారమంతా ఆమె బుర్రలోనే నడుస్తుందని ఊరికే అనరు.

"ఏమండీ, శాస్త్రం వచ్చినోళ్ళు చెప్తే పలించేది శాస్త్రం. ఏమీ రానాయన చెప్తే కూడా పలించిందంటే అది నోటి మహిమ. ఆయన నోటితో దిబ్బ వద్దు అన్నాక తీసేదానికి నాకైతే ధైర్యం లేదు."

శెట్టి ఉలిక్కిపడ్డాడు. ఈ కోణం ఆయనకు తట్టలేదు. "అవును గదా! రాకుండానే ఇంత కలిసొచ్చిందంటే..."

"అయ్యో, అట్ల కాదమ్మా, నాకు నిజ్జంగా..." అని మామ చేతులు ఊపాడు. ఎవరూ వినిపించుకోలేదు. జేసీబీ వెనక్కి తిరిగింది. బెంగళూరు సారుకు చేపల పులుసుతో భోజనం పెడతామంటే, తను శాకాహారినని చెప్పి పెరుగన్నం తిని పోయాడు. పోతూ పోతూ మామ చెయ్యి పట్టుకుని ఊపాడు కూడా.

అజిత్ మూతి ముడుచుకుని మిద్దె మీదికి నిచ్చెన వేసుకుని ఎక్కాడు. కాసేపటికి పైనుంచి కేకేశాడు. "నాయనా, ఈడికొస్తే మొత్తం కనపడతాది! దిబ్బ మీదుగా కనపడతాది!" తాత ఆ మిద్దె కట్టినప్పటి నుంచి పైకెక్కి చూడాలని ఎవరికీ తోచలేదు. అద్దం పని మిద్దె మీదికి మెట్ల పనిగా మారిపోయింది.

ఇక హిందూపురంలో మామ పరువు పోతుందనుకున్నాను. పోయిందా? "కుళ్ళాయప్పకు శాస్త్రమే రాదంట, అయినా చెప్పింది చెప్పినట్లు జరుగుతాదంట" అని ఊరంతా పాకింది. వచ్చేవాళ్ళు రెట్టింపయ్యారు. మడకశిర నుంచి కూడా వస్తున్నారు. "నాకు రాదప్పా" అని మామ మొత్తుకుంటాడు. "అదే గదా సామీ మాకు కావాల్సింది" అంటారు వాళ్ళు. నాకేం, రోజుకు నాలుగు కిటికీలు అమ్ముతున్నా.

మెట్లు పూర్తయ్యాక అందరం మళ్ళీ ఉప్పుమిద్దెకు పోయాం. సాయంత్రం దాసమ్మ కొంగు చివర కట్టుకున్న దుడ్లు తడుముకుంటూ మామ దగ్గరికి వచ్చింది.

"సామీ, ఇందరికి చెప్తావంట. నా గుడిసెకేమన్నా దోసముందేమో రవంత చూస్తావా?"

శెట్టి, కస్తూరక్క అక్కడే ఉన్నారు. ఈసారి మామ ఎట్లా తప్పించుకుంటాడో చూద్దామని నేనూ వెనకే పోయాను. మామ గుడిసెలో వంగి నిలబడి కప్పుకెల్లి చూశాడు. చాలాచోట్ల ఆకాశం కనపడుతోంది.

"ఉండాదమ్మా" అన్నాడు గంభీరంగా. "నైరుతి కారుతాంది. నైరుతి కారితే ఓనరుకు శానా గండం."

"నాకా సామీ?"

"నీకేమీ కాదు. నువ్వు ఉండే మనిషివి. ఓనరు శెట్టి గదా."

నేను శెట్టికెల్లి చూశాను. మామకు ఒక్క అక్షరం రాదని తన చెవులతో తను విన్న మనిషి. ఆయన నవ్వు దాచుకునేదానికి మీసం సర్దుకుని, "రాఘవేంద్రా, రేపే మనుషుల్ను పెట్టి కప్పు మొత్తం కొత్తగా వేయించప్పా" అన్నాడు. "తలుపు కూడా ఊగుతాంది, చూడు. ఏమి కుళ్ళాయప్పా, తలుపు ఊగితే ఓనరుకు ఏమన్నా అయితాదా?"

"శానా అయితాది" అన్నాడు మామ, అప్పటికే పొయ్యి దగ్గర వంగి చూస్తూ.